మగవారి స్వెట్టర్, ఆడవారి కొలత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పురుషుల సంప్రదాయ దుస్తుల పోలికలో స్త్రీల కోసం తయారవుతున్న స్వెట్టర్లు, కార్డిగన్లు, కాలరున్న టీషర్టుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము. ఒకే విషయాన్ని పలువురు అడిగినచోట ప్రశ్నలను కలిపి కుదించాము.

ప్రశ్న: స్త్రీల విభాగంలో ‘బాయ్‌ఫ్రెండ్ కార్డిగన్’ పేరుతో అమ్ముతున్న వదులు స్వెట్టరుకూ, పురుషుల విభాగంలో ఉన్న మామూలు కార్డిగన్‌కూ నాకు పెద్ద తేడా కనిపించలేదు. నేరుగా పురుషులదే కొనుక్కుంటే నష్టమేమిటి?

జవాబు: నష్టమేమీ లేదు, చాలాసార్లు లాభమే. అయితే కొలత చూసుకునే పద్ధతిని మాత్రం మార్చుకోవాలి. పురుషుల కార్డిగన్ భుజాల దగ్గర వెడల్పుగా, చంక దగ్గర లోతుగా, చేతులు పొడవుగా ఉండి, ఛాతీ నుంచి కింది అంచు వరకు దాదాపు నిలువుగా దిగుతుంది. మగవారితో పోలిస్తే స్త్రీలలో ఎక్కువ మందికి భుజాలు సన్నగా, తుంటి వెడల్పుగా ఉంటాయి కాబట్టి, ఛాతీ కొలత ఒక్కటే చూసి కొన్న కార్డిగన్ పైన జారిపోతూ కింద బిగుసుకుంటుంది. కింది అంచున ఉండే గాడుల అల్లిక, అంటే రిబ్, ఆ బిగువుకు తట్టుకోలేక నడుము మీదికి ఎగబాకి ముద్దగా నిలుస్తుంది. అందువల్ల మొదట భుజం చూడండి. భుజం కుట్టు మీ భుజం ఎముక చివర నుంచి రెండు మూడు సెంటీమీటర్లకు మించి కిందికి జారకపోతే ఆ సైజు మీకు పనికివస్తుంది. ఆ తరువాత తుంటి దగ్గర అన్ని గుండీలూ పెట్టి చూడండి. చివరి గుండీ ఒక్కటే ఇబ్బంది పెడితే దాన్ని విప్పి వదిలేయవచ్చు, మగవారు కూడా చాలామంది అలాగే వదిలేస్తారు. చివరి మూడు గుండీలూ లాగుతుంటే మాత్రం దాన్ని అక్కడే పెట్టి రావడం మంచిది. మెడ నుంచి చంక వరకు ఏటవాలు కుట్టు ఉండే రాగ్లాన్ చేతుల స్వెట్టరుకు భుజం కుట్టే ఉండదు కనుక, పురుషుల విభాగంలో కొనే స్త్రీలకు అన్నిటికంటే తక్కువ ఇబ్బంది పెట్టే కోత అది. గుండీల పట్టీ విషయంలో పురుషులకు ఎడమ పట్టీ కుడి పట్టీ మీదికి, స్త్రీలకు కుడి పట్టీ ఎడమ దాని మీదికి వస్తుంది. వారం రోజులు వేసుకుంటే చేతికి అలవాటైపోయే తేడా అది.

ఇక మీ అసలు సందేహానికి వస్తే, ‘బాయ్‌ఫ్రెండ్’ అన్నది అమ్మకందారుల ఊహ మాత్రమే. ఆ ఊహాపురుషుడి ఛాతీ ఎంతో, ఎత్తు ఎంతో ఎవరూ చెప్పరు. ఆ పేరుతో వచ్చే స్త్రీల స్వెట్టర్లలో చాలావరకు మగవారి దుస్తుల నుంచి వదులుతనాన్ని ఒక్కదాన్నే తెచ్చుకుంటాయి. తెచ్చుకోవలసినవి వేరే ఉన్నాయి: అల్లిక చిక్కదనం, రిబ్ బలం, కుట్టు పనితనం. మణికట్టు దగ్గరి రిబ్‌ను గట్టిగా సాగదీసి వదిలితే వెంటనే పాత వెడల్పుకు రావాలి. బట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అల్లిక అంతటా ఒకే తీరుగా ఉండాలి, పలచని మచ్చలు కనిపించకూడదు. గుండీల పట్టీ వెనుక సాగని రిబ్బను వేసి కుట్టి ఉంటే ఆ పట్టీ ఏళ్ల తరబడి అలలు తేలకుండా ఉంటుంది. చంక చుట్టూ కుట్టుకు కొంచెం ఎడంగా చిన్న చిన్న గుర్తులు వరుసగా కనిపిస్తే, ఆ భాగాన్ని కత్తిరించలేదనీ, యంత్రం మీదే కుట్లు తగ్గిస్తూ ఆకారం తెచ్చారనీ అర్థం. కత్తిరించి కుట్టినదానికంటే ఇది సన్నని కుట్టుతో, ఎక్కువ కాలం నిలుస్తుంది. ఈ నాలుగూ ఉన్న స్వెట్టరు ఏ విభాగంలో దొరికినా తీసుకోండి.

ప్రశ్న: స్త్రీలు మగవారి అల్లిక దుస్తులు వేసుకోవడం ఫ్రెంచి ఫ్యాషన్ రూపకర్త కోకో షనెల్‌తో మొదలైందని చదివాను. అంతకు ముందు ఎవరూ వేసుకోలేదా?

జవాబు: వేసుకున్నారు. ఇంగ్లిష్ ఛానల్‌లోని జెర్సీ దీవిలో పుట్టి లండన్ సంపన్న వర్గాలలో పేరు తెచ్చుకున్న లిల్లీ లాంగ్‌ట్రీ కారణంగా, అంతవరకు బెస్తవారి దుస్తుగా ఉన్న అల్లిక చొక్కా 1870ల చివర, 1880ల మొదట స్త్రీల ఫ్యాషనులోకి వచ్చింది. 1890లలో సైకిలు తొక్కే స్త్రీలు, గోల్ఫ్ ఆడే స్త్రీలు క్రీడాకారుల ఉన్ని స్వెట్టరును తమది చేసుకున్నారు. పై భాగం బాగా ఉబ్బిన చేతులు ఆ కాలపు మోజు కావడంతో, మగవారి ఆటల స్వెట్టరుకు కూడా బుట్టచేతులు వచ్చాయి. అరువు తెచ్చుకున్న దుస్తును తమ కాలానికీ తమ ఒంటికీ తగినట్టు మార్చుకోవడం అప్పటి నుంచే ఉందన్నమాట.

షనెల్ చేసిన పని వేరు, దాని విలువ కూడా వేరు. ఫ్రాన్స్ తీరంలోని డోవిల్‌లో 1913లో దుకాణం తెరిచిన ఆమె, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1916లో రోడియే అనే తయారీదారు నుంచి జెర్సీ అనే మెత్తని అల్లిక బట్టను కొన్నది. అంతవరకు ఆ బట్ట ప్రధానంగా మగవారి లోదుస్తులకే వాడుకలో ఉండేది. నడుమును బిగించే కార్సెట్ లేకుండా, ఒంటి మీద తేలికగా వాలిపోయే ఆ బట్టతో ఆమె స్త్రీలకు పై దుస్తులు తయారు చేసింది. అప్పటి వరకు స్త్రీలు మగవారి స్వెట్టరును ఎక్కువగా ఆటల కోసమే వేసుకున్నారు. షనెల్ అల్లిక బట్టను రోజంతా వేసుకునే నాగరికమైన దుస్తుగా మార్చింది. మొదటి మహిళ ఎవరన్న ప్రశ్న కంటే ఈ మార్పు పెద్దదని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 1922లో బ్రిటిష్ యువరాజు, తరువాతి కాలపు ఎనిమిదవ ఎడ్వర్డ్, సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ మైదానానికి రంగురంగుల ఫెయిర్ ఐల్ స్వెట్టరు వేసుకుని వచ్చిన తరువాత అది మగవారి ఫ్యాషనుగా లోకమంతా పాకింది. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్‌లాండ్ దీవులలో దాన్ని అల్లినవారు స్త్రీలు. ఎన్ని రంగులు కనిపించినా ఒక్కొక్క వరుసలో రెండు రంగులే వాడడం, పని లేని దారాన్ని వెనుక వైపు తేలుతూ పోనివ్వడం వారి పద్ధతి. అందువల్లే పలచని దారంతో అల్లినా ఆ స్వెట్టరుకు రెండు పొరల వెచ్చదనం వస్తుంది. ఇది మగవారి నుంచి తెచ్చుకున్నదా అని ఎవరైనా మిమ్మల్ని అడిగితే, అల్లింది ఎవరో కూడా చెప్పండి.

ప్రశ్న: మెలికల నమూనాలున్న ఆరాన్ స్వెట్టరు ఒకటి కొన్నాను. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క నమూనా ఉండేదనీ, సముద్రంలో మునిగిపోయిన బెస్తవారిని దాన్నిబట్టి గుర్తుపట్టేవారనీ దానితోపాటు వచ్చిన కాగితంలో రాశారు. ఇది నిజమేనా? ఆ స్వెట్టరు నన్ను లావుగా కనిపించేలా చేస్తున్నది, ఏం చేయాలి?

జవాబు: కుటుంబ నమూనాల కథ నిజం కాదు. 1904లో డబ్లిన్‌లో ప్రదర్శించిన ఒక నాటకంలో, మునిగిపోయిన యువకుడిని అతని చెల్లెలు తాను అల్లిన మేజోడులో వదిలేసిన కుట్ల లెక్కతో గుర్తుపడుతుంది. అక్కడ గుర్తు మేజోడు, పైగా అది ఒక అల్లిక పొరపాటు. ఇంటిపేరుకు చెందిన నమూనా కాదు. ఆ తరువాతి కాలంలో స్వెట్టర్ల అమ్మకాలతోపాటు కథ పెరిగింది. ఐర్లండ్ పశ్చిమ తీరంలోని ఆరాన్ దీవుల స్త్రీలు ఇప్పుడు మనం చూసే తెల్లని మెలికల స్వెట్టరును అల్లడం ఇరవయ్యవ శతాబ్దపు తొలి భాగంలో రూపుదిద్దుకున్న పని. కథ పోయినంత మాత్రాన పనితనం పోదు.

లావుగా కనిపించడానికి కారణం కూడా ఆ మెలికలే. కుట్లను ఒకదాని మీది నుంచి ఒకటి దాటించడం వల్ల బట్ట అడ్డంగా దగ్గరకు లాగుకుపోయి మందం పెరుగుతుంది, దారం కూడా ఎక్కువ పడుతుంది. ఆ మందం మీద వదులు కూడా చేరితే ఒంటి ఆకారమే కనిపించదు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. బెస్తవారి స్వెట్టరు అంటే మోకాళ్ల దాకా వేలాడే వదులు స్వెట్టరు అన్నది ఇటీవలి ఊహ. బ్రిటన్ తీరంలోని బెస్తవారు వేసుకున్న గెర్న్సీ స్వెట్టరు అయిదు పేటల గట్టి దారంతో, నీరు సులువుగా ఇంకనంత చిక్కగా, ఒంటికి బిగువుగా అల్లినది. వదులుగా ఉంటే వలల్లో, తాళ్లలో చిక్కుకుంటుంది కదా. చేతులు మణికట్టుకు కొంచెం పైనే ఆగేవి. చేతులను భుజం నుంచి కిందికి అల్లేవారు, మణికట్టు దగ్గర అరిగిపోతే అంతవరకే విప్పి మళ్లీ అల్లుకోవడానికి. చేయి పైకెత్తినప్పుడు లాగకుండా చంక కింద చతురస్రాకారపు ముక్క ఉండేది. ముందూ వెనుకా ఒకేలా ఉండడంతో తిప్పి వేసుకుని అరుగుదలను రెండు వైపులకూ పంచేవారు. వీటిలో ఒక్కటి కూడా వదులుతనానికి సంబంధించినది కాదు.

కాబట్టి మీ స్వెట్టరును ఒక సైజు చిన్నదానితో మార్చుకోగలిగితే మార్చుకోండి. లేకపోతే కింద సన్నని ప్యాంటు లేదా నిలువుగా జారే లంగా వేసుకుని, చేతులను మోచేతికి కాస్త కిందికి మడవండి. పెద్ద మెలిక సరిగ్గా రొమ్ము మీదుగా పోయే నమూనాకంటే, రెండు మెలికలు మెడకు దగ్గరగా నిలువునా దిగే నమూనా స్త్రీలకు నప్పుతుంది; ఈసారి కొనేటప్పుడు చూసుకోండి.

ప్రశ్న: ఖరీదైన కష్మీర్ మేక ఉన్ని స్వెట్టరు నెల తిరక్కుండానే చంకల కింద ఉండలు కట్టింది. చవకైన కృత్రిమ దారం అక్రిలిక్ కూడా అంతే. అసలు ఏ దారం కొనాలి?

జవాబు: రెండూ ఉండలు కట్టినా కారణాలు వేరు. బట్ట బట్టతో రాసుకున్నచోట పొట్టి పోగులు బయటికి వచ్చి ముడిపడడం వల్ల ఉండలు ఏర్పడతాయి. కష్మీర్ పోగు చాలా సన్నం, సగటున 19 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు. పొట్టి పోగులు ఎక్కువ కలిపి, మెత్తదనం కోసం వదులుగా పురిపెట్టిన దారమైతే త్వరగా ఉండ కడుతుంది. అటువంటి ఉండలు కొన్నాళ్లకు రాలిపోతాయి, లేదా దువ్వెనతో తీసేయవచ్చు. అక్రిలిక్ పోగు గట్టిది కావడంతో ఉండను బట్టకు అంటిపెట్టుకుని ఉంచుతుంది, అందుకే అది ఎప్పటికీ పోనట్టు కనిపిస్తుంది.

మగవారి పాత స్వెట్టర్లు దశాబ్దాలు నిలవడానికి కారణం వాటి దారం గట్టిగా పురిపెట్టి, రెండు మూడు పేటలు కలిపి పేనినది కావడం. దుకాణంలో చేతికి మరీ మెత్తగా తగిలే దాన్ని చూసి మురిసిపోకుండా, కొంచెం బిరుసుగా, పొడిగా అనిపించేదాన్ని ఎంచండి. ఉన్ని గుచ్చుకుంటుందని భయపడేవారు సన్నని మెరీనో గొర్రెల ఉన్ని తీసుకోవచ్చు. సుమారు 30 మైక్రాన్లకు మించిన లావు పోగుల కొనలే ముఖ్యంగా చర్మాన్ని పొడుస్తాయి. వెచ్చని వాతావరణానికి నూలు లేదా నార కలిసిన సన్నని అల్లిక సరిపోతుంది. అంగుళానికి ఎన్ని సూదులన్న లెక్కను గేజ్ అంటారు. 12 గేజ్ అల్లిక చొక్కా మీద కూడా పలచగా కూర్చుంటుంది, 5 గేజ్ దళసరిగా ఉంటుంది. నూలుకు ఉన్నిలా వెనక్కి ముడుచుకునే గుణం లేదు, పైగా బరువెక్కువ. నూలు స్వెట్టరు రిబ్‌లో కొద్దిగా సాగే దారం కలిసి ఉంటే మంచిది, లేకపోతే మణికట్లు త్వరగా వదులైపోతాయి.

ప్రశ్న: నేను పొట్టిగా, రొమ్ము భాగం భారీగా ఉంటాను. మగవారి తరహా స్వెట్టరు వేసుకుంటే ‘మగరాయుడిలా ఉన్నావు’ అంటున్నారు. ఈ తరహా నాకు నప్పదనుకోవాలా?

జవాబు: అనుకోనవసరం లేదు. ఆ మాట అన్నవారి గురించి నేనేమీ అనను, స్వెట్టరు గురించి చెబుతాను. క్రికెట్, టెన్నిస్ ఆటగాళ్ల తెల్లని స్వెట్టరుకు మెడ దగ్గర, అంచుల దగ్గర రంగు చారలుండే ‘వి’ మెడ ఉంటుంది. భారీ రొమ్ము ఉన్నవారికి మగవారి దుస్తులన్నిటిలో అన్నిటికంటే అనుకూలమైనది అదే, ఎందుకంటే లోతైన ‘వి’ పై భాగాన్ని రెండుగా విడదీసి చూపును నిలువుగా నడిపిస్తుంది. ‘వి’ కొన రొమ్ము మధ్య గీతకు కొంచెం పైన ఆగాలి. గుండ్రని, ఎత్తైన మెడ ఆ భాగాన్ని ఒకే పలకగా చూపిస్తుంది కనుక దాన్ని తగ్గించండి. పొడవు తుంటి ఎముక దగ్గర ఆగాలి. పొట్టివారు తొడల మధ్య దాకా వచ్చే స్వెట్టరు వేసుకుంటే కాళ్లు ఇంకా పొట్టిగా కనిపిస్తాయి.

అడ్డచారలు కూడా మానుకోనవసరం లేదు. ఫ్రెంచి నౌకాదళం 1858లో తన నావికులకు నిర్ణయించిన అల్లిక చొక్కాలో తెల్ల చార నీలి చారకు రెట్టింపు వెడల్పు. తెలుపు పాలు ఎక్కువ కావడంతో చారలు బరువుగా కనిపించవు, పైగా భుజాల దగ్గర చారలు లేకుండా వదిలేస్తారు. రెండు రంగులూ సమాన వెడల్పుతో ఉండే నకళ్లే ఒంటిని అడ్డంగా సాగదీస్తాయి. కొనేటప్పుడు స్కేలు అక్కర్లేదు, కంటితోనే తెలుస్తుంది.

ప్రశ్న: పోలో టీషర్టు అసలు ఏ ఆటది? స్త్రీల పోలో టీషర్టులు మగవారివాటిలా నిలబడవెందుకు?

జవాబు: ఇప్పుడు మనం వేసుకునే రూపం టెన్నిస్‌ది. ఫ్రెంచి ఆటగాడు రెనే లాకోస్త్ పొడుగు చేతుల బిరుసు చొక్కాకు బదులు, పొట్టి చేతుల, బుడిపెలు తేలే పికే అల్లిక చొక్కాతో 1926లో అమెరికా పోటీలలో ఆడాడు. 1933లో ఆంద్రే జిలియేతో కలిసి దాన్ని వ్యాపారంగా మార్చాడు. మగవారి పోలో నిలబడడానికి కారణం బుడిపెల పికే బట్ట, విడిగా అల్లి అతికించిన రిబ్ కాలరు. స్త్రీలవాటిలో చాలాచోట్ల ఆ బట్టకు బదులు సాగే పలచని జెర్సీ, అదే బట్టతో కుట్టిన కాలరు వాడడం వల్ల కాలరు మూలలు పైకి చుట్టుకుంటాయి. పికే బట్ట, రిబ్ కాలరు, ముందు అంచుకంటే కొంచెం దిగిన వెనుక అంచు ఉన్నదాన్ని వెతకండి. వంగినప్పుడు నడుము బయటపడకుండా ఆ వెనుక అంచు కాపాడుతుంది.

ప్రశ్న: మగవారి కార్డిగన్ నమూనా ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని నా కొలతలకు మార్చి చేత్తో అల్లుకోవాలని ఉంది. ఎక్కడెక్కడ మార్చాలి?

జవాబు: మొదట చిన్న నమూనా ముక్క అల్లి, ఉతికి ఆరబెట్టి, ఆ తరువాతే లెక్క మొదలుపెట్టండి. ఉదాహరణకు 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 30 వరుసలు వచ్చాయనుకుందాం. ఒక్కొక్క భుజం 2 సెంటీమీటర్లు తగ్గాలంటే ఒక్కొక్క వైపు 4 కుట్లు తగ్గించాలి. చంక లోతు 2 సెంటీమీటర్లు తగ్గాలంటే 6 వరుసలు తీసేయాలి, అంతే మేరకు చేతి పైభాగపు వంపును కూడా తగ్గించాలి. ఇది మరచిపోతే చేయి చంకలో కుచ్చుపడుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది రొమ్ము దగ్గరి పొడవు. మగవారి నమూనాలో ముందూ వెనుకా ఒకే పొడవు కాబట్టి, స్త్రీల ఒంటి మీద ముందు అంచు పైకి లేస్తుంది. ముందు భాగానికి 4 సెంటీమీటర్లు అదనంగా కావాలంటే గుండీల పట్టీ వైపు నుంచి 12 పొట్టి వరుసలు, అంటే పక్క కుట్టు దాకా పోకుండా మధ్యలోనే వెనక్కి తిరిగే జతలు ఆరు, రొమ్ము గీతకు కొంచెం కింద వేయండి. రెండు ముందు ముక్కలలోనూ వేయాలి. ఆ అదనం పక్క కుట్టు దాకా చేరదు కాబట్టి, రొమ్ము దగ్గర చోటు మిగిలి, పక్క కుట్టు వెనుక భాగంతో సమానంగా వస్తుంది. గుండీలకు సమాన దూరాలు లెక్కవేసి ఆ తరువాత కాజాలు తీయడం సరికాదు. మొదటి కాజాను సరిగ్గా రొమ్ము నిండు గీత దగ్గర నిర్ణయించి, మిగిలినవి దాని నుంచి పైకీ కిందికీ లెక్కవేయాలి. అక్కడ గుండీ లేకపోతే పట్టీ నోరు తెరుస్తుంది.

చుట్టుకొలతలో మీ రొమ్ము కొలతకు 8 నుంచి 10 సెంటీమీటర్లు కలిపితే చొక్కా మీద వేసుకోవడానికి సరిపోతుంది. నమూనాలోని రిబ్ ఎత్తును, రిబ్‌కు చెప్పిన సన్నని సూదిని మాత్రం మార్చకండి.

ప్రశ్న: ఉతకడం, దాచడం గురించి కొంచెం చెప్పండి.

జవాబు: ఉన్నిని చల్లని లేదా గోరువెచ్చని నీటిలో, 30 డిగ్రీలు మించకుండా, ఉన్నికి పనికివచ్చే సబ్బుతో నానబెట్టి నొక్కండి, రుద్దితే పోగు మీది పొలుసులు ఒకదానిలో ఒకటి పట్టుకుని బట్ట ముడుచుకుపోతుంది. పిండకుండా తువ్వాలులో చుట్టి నీటిని ఒత్తేసి, బల్ల మీద పరిచి ఆకారం సరిచేసి ఆరబెట్టండి. హ్యాంగరుకు తగిలిస్తే భుజాలు ముడుతపడి సాగుతాయి, మడతపెట్టి ఉంచండి. చిమ్మెట పురుగుల పిల్లలు చెమట, నూనె మరకలున్న ఉన్నిని ముందుగా వెతుక్కుంటాయి కాబట్టి, ఒక్కసారి మాత్రమే వేసుకున్న స్వెట్టరునైనా ఉతకకుండా నెలల తరబడి పెట్టెలో పెట్టవద్దు.